తలుపు తీసియే యున్నది

పరీక్షాపత్రములు దిద్ది మార్కులు వేయుట నా జీవనోపాధి. ఇరువదేండ్లకు పైగా ఈ పని చేయుచుండుటచేత, కంటబడిన ప్రతి వస్తువునకును ఒక అంకె తగిలించు దురభ్యాసము నాకు పట్టుబడినది. మామిడిపండ్ల బుట్ట యింటికి వచ్చినను, ఉపన్యాససభకు పోయినను, ఇది మొదటిది, ఇది రెండవది, ఇది తప్పినది అని మనస్సులో వరుస కట్టక మానను. కావున గత వేసవి సెలవులలో స్పెయిన్ దేశీయుడగు లూయిస్ బున్యుయెల్ అను దర్శకుని చలనచిత్రములను ఒకదాని వెంట నొకటి చూడ దొరకొని, పాత క్యాలెండరు కాగితము వెనుక నొక పట్టిక వ్రాయ మొదలిడినప్పుడు మా యింటిలో నెవ్వరును ఆశ్చర్యపడలేదు. ఆ పట్టిక నాలుగుమారులు కొట్టివేయబడినది. కడపటిమారు కొట్టివేయించినది నేను కాదు, మా అక్కయ్య.

చదువరులలో ఈ పేరు వినని వారుందురు గనుక నాలుగు మాటలు చెప్పెదను. బున్యుయెల్ 1900వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన ఆరగాన్ సీమలోని కలాండా అను నూరిలో జన్మించెను. జారగోజా నగరమున జెసూటు గురువుల పాఠశాలలో చదివెను. పిమ్మట మాడ్రిడ్ విద్యార్థివసతిగృహమున చేరి, అచట కవియగు లోర్కాతోను, చిత్రకారుడగు సాల్వడార్ డాలీతోను చెలిమి చేసెను. అటుతరువాత పారిస్ నగరమునకు పోయి అధివాస్తవికులని పేరొందిన కూటమిలో కలిసెను. స్వదేశమున అంతర్యుద్ధము చెలరేగి నియంతృత్వము స్థిరపడగా అమెరికాకును, అచటినుండి 1946లో మెక్సికోకును పోయి, ఆ దేశపు పౌరుడై, ఆ రాజధానియందే 1983వ సంవత్సరము జూలై 29న మరణించెను. మతగురువులను, ధనికులను, వారి మర్యాదలను జీవితాంతము వేళాకోళము చేసినవాడు. కాని తన యింట మాత్రము వేళకు భోజనము, వేళకు నిద్ర తప్పని క్రమశీలి యని చెప్పుదురు. నాకీ రెండవ సంగతియే మొదటిదానికంటె వింతగా తోచును.

అధివాస్తవికత యనగా కలలోని తర్కమును మేల్కొన్న కంటికి చూపుట యని స్థూలముగా చెప్పవచ్చును. మన భాషలో శ్రీశ్రీయు, శ్రీరంగం నారాయణబాబును ఈ పోకడను కవిత్వమున పరీక్షించి చూచిరి గనుక ఆ మాట మనకు బొత్తిగా క్రొత్తది కాదు. సంస్కృతము చదివినవాడను గనుక నేను దీనిని నా సొంత మార్గమున అర్థము చేసికొంటిని. అలంకారశాస్త్రమున విభావన యనియు, విశేషోక్తి యనియు రెండలంకారములు గలవు. కారణము లేకయే కార్యము పుట్టిన విభావన. కారణమంతయు ఉండియు కార్యము పుట్టకున్న విశేషోక్తి. బున్యుయెల్ విభావనతో మొదలిడి విశేషోక్తికి చేరిన కవి. నా పట్టిక తలక్రిందులగుటకు మూలకారణ మిదియే యని ఇప్పుడు తోచుచున్నది గాని, ఆనాడు తెలియలేదు.

అతని తొలి చిత్రము 1929లో వచ్చిన ‘ఆండలూసియా కుక్క’. పదునారు నిమిషముల నిడివి. డాలీ కలలో అరచేతినుండి చీమలు వెడలినవట. బున్యుయెల్ కలలో నొక మబ్బుతునక చంద్రుని కోయగా, అది కత్తి కంటిని కోసినట్లు తోచెనట. ఈ రెండు కలలను కలిపి, హేతువునకు లొంగు దృశ్య మొక్కటియు ఉండరాదని నియమము పెట్టుకొని యిరువురును కథ వ్రాసిరి. పెట్టుబడి తల్లి ఇచ్చినది. ప్రథమప్రదర్శననాడు జనులు తన్ని తఱుముదురేమో యని భయపడి, బున్యుయెల్ జేబులనిండ రాళ్లు నింపుకొని తెరవెనుక నిలిచెను. రాళ్ల పని పడలేదు, చప్పట్లే మ్రోగెను. కన్ను కోయు దృశ్యము (అది చచ్చిన దూడ కన్ను) ఇంటిల్లిపాది కూర్చుండి చూడదగినది కాదు. నేనొంటరిగా చూచియు తల త్రిప్పుకొంటిని. మొదటి పట్టికలో దీనికి అగ్రస్థాన మిచ్చితిని. జగత్ప్రసిద్ధమైనదానికి తక్కువ మార్కులు వేయుటకు మనస్సొప్పలేదు. వారము గడచిన పిదప దానిని అట్టడుగునకు దింపితిని. సంబంధము లేని రెండు వస్తువులను ప్రక్కప్రక్కన నిలిపి జనులను ఉలికిపఱచుట, ఒకడు చేసి చూపిన తరువాత, పదవ తరగతి బాలుడు కూడ చేయగల పని. మరునటి యేడు వచ్చిన ‘స్వర్ణయుగము’ను గూర్చియు ఎక్కువ చెప్పను. పారిస్‌లో ప్రతికూలులు తెరపై సిరా చల్లి, ఆసనములు విఱుగగొట్టగా, పోలీసు లా చిత్రమును నిషేధించిరి. అల్లరి యెక్కువ, చిత్రము తక్కువ.

1933లో తీసిన ‘రొట్టె లేని నేల’ నన్ను వేఱొక తీరున పట్టుకొన్నది. అది స్పెయిన్‌లో లాస్ ఉర్దెస్ అను మిక్కిలి పేద కొండసీమను గూర్చిన ఇరువదియేడు నిమిషముల వృత్తాంతచిత్రము. రమోన్ అసీన్ అను మిత్రుడు, లాటరీ తగిలినచో నీ చిత్రమునకు సొమ్మిచ్చెదనని వేడుకకు మాట యిచ్చి, నిజముగా తగులగా నిజముగానే యిచ్చెను. ఆ సత్యసంధుని 1936లో కాల్చి చంపిరి. ఇందులో కల యేదియు లేదు. బున్యుయెల్ ఈ చిత్రమున కొంత మోసము చేసెనను మాటయు నిజమే. మేక కొండ మీదినుండి జాఱిపడినట్లు చూపినచోట ప్రక్కన తుపాకి పొగ కనబడును. దానికి నేను మార్కులు తగ్గించితిని. కాని ఆ చిత్రమున నొక పాఠశాల కలదు. చెప్పులు లేని పిల్లలు, చినిగిన గుడ్డలు, ఆకలి ముఖములు. గోడమీద ఏనాటిదో యొక స్త్రీ యాకృతి. ఉపాధ్యాయుని యాజ్ఞపై నొక బాలుడు లేచి నల్లబల్లమీద ముద్దుగా నొక నీతివాక్యము వ్రాయును. పరుల సొత్తును గౌరవింపవలెనని దాని భావము. వానికి సొత్తనగా నేమో తెలియదు. అచట చిత్రము నాపి, చాలసేపు ఆ నల్లబల్లనే చూచుచు కూర్చుంటిని. నా తరగతిలో ప్రతి సోమవారము నొక సుభాషితము వ్రాయించుట నా కలవాటు. వ్రాయు పిల్లవాడు ఆ ఉదయము ఏమి తిని వచ్చెనో నేనెన్నడును అడిగి యెఱుగను. కత్తి, కన్ను, చీమలు చేయలేని పని ఈ సుద్దముక్క చేసినది.

అప్పటినుండి నా కొలత మాఱినది. అసంభవమును కల్పించిన చోట గాక, మనము నిత్యము చూచుచు వింతయని గుర్తింపని అసంభవమును ఎత్తి చూపిన చోట మార్కులు వేయసాగితిని.

ఆ కొలతకు ‘విస్మృతులు’ బాగుగా నిలిచినది. 1950లో మెక్సికో నగరపు మురికివాడలలోని అనాథబాలురను గూర్చి తీసినది. తమ దేశమునకు అపకీర్తి తెచ్చినాడని అచటివారు మండిపడగా, నాలుగు దినములకే చిత్రము ప్రదర్శనశాలనుండి వెడలిపోయెను. 1951లో కాన్ ఉత్సవమున ఉత్తమదర్శకుడని బహుమానము వచ్చిన పిమ్మట ఆ జనులే మఱల టిక్కెట్లు కొనిరి. ఆ ఉత్సవమున మెక్సికో కవి ఆక్టేవియో పాజ్ ఆ చిత్రమును సమర్థించుచు వ్యాసము వ్రాసి పంచిపెట్టెను. పేదరికమును చూపి కన్నీరు రప్పించుట దర్శకులందఱును చేయుదురు. ఇందులో పెద్రో అను బాలుని కల యొకటి కలదు. తల్లి మెల్లగా గాలిలో తేలునట్లు నడచివచ్చి, నవ్వుచు పచ్చిమాంసపు ముద్దను చేతికందించును. ఆకలియు తల్లిప్రేమయు ఒక్క వస్తువై ఒక్క చేతినుండి వచ్చుట! తరువాత పెద్రో శిక్షాలయమునకు చేరును. దాని యధికారి మంచివాడు. నమ్మకము చూపినగాని పిల్లవాడు బాగుపడడని తలచి, చేతికి డబ్బిచ్చి బజారుకు పంపును. నమ్మకము ఫలించినదే; పిల్లవాడు దొంగిలింపలేదు. కాని వీథిలో వేచియున్న పాత స్నేహితుడు ఆ డబ్బు లాగికొనిపోవును. ఉపాధ్యాయుడైనవాడు ఆ ఘట్టమును మఱువలేడు. తరగతిగదిలోనిది సరియైనంతమాత్రమున వీథి మాఱదు.

‘ఎడారి సైమన్’ (1965) నలువదియైదు నిమిషములదే. నిర్మాతకు సొమ్ము చాలక కథ నడుమనే ముగిసినట్లు ముగియును. స్తంభము మీద తపస్సు చేయు యోగి యొకడు, దొంగతనమునకు చేతులు నఱకబడినవానికి మహిమచేత చేతులు మొలిపించును. మొలిచిన మఱుక్షణమే వాడా చేతితో తన కూతుని లెంపకాయ కొట్టును. చూచుటకు వచ్చిన జనులు, అయినది గదాయని, పనులకు తొందరపడి వెడలుదురు. ఈ ఘట్టమునకు మేమందఱము పగలబడి నవ్వితిమి. మహిమలను ఖండించుచు నేను వ్రాసిన వ్యాసములు పది కలవు. పదియు కలిపినను ఆ లెంపకాయకు సరిరావు.

‘విరిడియానా’తో నాకు పాత చుట్టఱికము. విద్యార్థిగా నుండినప్పుడు హైదరాబాదులో నొక ఫిల్ము సొసైటీవారి తెరమీద చూచితిని. 1961లో దానికి కాన్ ఉత్సవపు అత్యున్నత బహుమానము వచ్చినది. స్పెయిన్ ప్రతినిధిగా దానిని స్వీకరించిన యధికారికి ఉద్యోగము పోయినది. చిత్రము స్పెయిన్‌లో 1977 వఱకు నిషిద్ధమైనది. సన్న్యాసిని కాబోయిన యువతి బిచ్చగాండ్రను చేరదీసి అన్నము పెట్టగా, వారామె లేని వేళ చూచి విందుబల్ల చుట్టును చేరి వీరంగము చేయుదురు. ఆ బల్లయొద్ద వారు నిలిచిన తీరు క్రీస్తు కడపటి విందును గూర్చిన లియొనార్డో చిత్రమును పోలియుండుటయే గొప్ప దుమారమునకు కారణ మాయెను. నాకు జ్ఞాపకమున నిలిచినది అది కాదు. ఆ యువతి బంధువొకడు, బండి యిరుసునకు కట్టబడి పరుగెత్తుచున్న కుక్కను చూచి జాలిపడి, వెల యిచ్చి విడిపించి తీసికొనిపోవును. అతడు వీపు త్రిప్పగనే ఎదుటి దిక్కునుండి మఱియొక బండి వచ్చును. దాని యిరుసునకు మఱియొక కుక్క. యౌవనమున దీనిని చూచి, సంస్కరణ మంతయు వృథాయని బున్యుయెల్ చెప్పుచున్నాడని కోపగించితిని. ఇప్పుడట్లు తోచదు. మొదటి కుక్క విడుదల పొందిన మాట నిజమే. రెండవ బండి వచ్చుటయు నిజమే. దర్శకు డీ రెంటిలో నొకదానిని దాచలేదు, అంతే.

కావున వేసవి నడుమ నా పట్టికలో ‘విరిడియానా’ మొదటిది, ‘విస్మృతులు’ రెండవది. అమెరికావారి ఆస్కారు బహుమానము పొందిన 1972 నాటి చిత్రము, సంపన్నులార్గురు ఎన్నిమారులు కూర్చుండినను భోజనము చేయలేకపోవు కథ, మూడవది. ‘సంహారదూత’ (1962) ఆరవదో ఏడవదో. గదిలో చిక్కుకొన్న ధనికుల కథ యని, చమత్కారమే గాని లోతు లేదని దానిప్రక్కన వ్రాసికొంటిని.

మా అక్కయ్య నాకంటె పదేండ్లు పెద్దది. ఇరువదియారవ యేట భర్త పోయెను. బాలికలకు కుట్టుపని నేర్పి జీవించి, పదునెనిమిదేండ్లుగా నాతోనే యున్నది. ఆంగ్లము కొలదిగా తెలియును; తెర క్రిందనుండు అక్షరములను నేను తెలుగున చదివి వినిపించుచుందును. ఒకనాటి రాత్రి నేను ‘సంహారదూత’ను రెండవమారు చూచుచుండగా ఆమె వచ్చి కూర్చున్నది.

కథ యిది. నోబిలే యను ధనికుని భవనమున సంగీతనాటకానంతరము విందు. అతిథులు రాకమునుపే సేవకులొక్కొక్కరు ఏదో నెపముమీద వెడలిపోవుదురు. ఎందులకో వారికే తెలియదు. అతిథులు లోనికి వచ్చు దృశ్యము రెండుమారులు వచ్చును. భోజన మగును. ఒక యువతి పియానో వాయించును. ఇండ్లకు పోవు వేళ యగును. ఎవ్వరును పోరు. కోట్లు విప్పి, సోఫాలమీదను నేలమీదను పండుకొందురు. తెల్లవాఱినను గది గడప దాటలేరు. ద్వారము విశాలమైనది, తలుపు లేదు, తాళము లేదు, కావలివాడు లేడు. గడపవఱకు వచ్చి, ఏదో జ్ఞాపకము వచ్చినట్లు వెనుకకు మఱలుదురు. దినములు గడచును. గోడ పగులగొట్టి గొట్టములోని నీరు త్రాగుదురు. విందునాటి వినోదమునకై తెచ్చిన గొఱ్ఱెలు దారితప్పి లోనికి రాగా కోసి, సామానులు విఱిచి మంట వేసి కాల్చుకొని తిందురు. ఒక వృద్ధుడు చనిపోవును. ఒక జంట ఆత్మహత్య చేసికొనును. మర్యాద యంతయు పొట్టు రాలినట్లు రాలును. వెలుపల బంధువులు, పోలీసులు గేటువద్ద గుమిగూడి యుందురు. వారును లోనికి రాలేరు!

ఇచటికి వచ్చుసరికి అక్కయ్య అడిగినది: “తలుపు ఎవరు వేశారురా?”

“ఎవరూ వేయలేదు అక్కయ్యా. అదే వింత. తీసే ఉంది.”

ఆమె కొంతసేపు తెరవైపు చూచి, మెల్లగా, “ఇందులో వింత ఏముందిరా?” అని, చేతిలోని చిక్కుడుకాయల పళ్లెము సర్దుకొన్నది. ఆ మాటలో నిష్ఠూరము లేదు. ఆమె చెప్పినది కేవలము నిజమైన సందేహము. అందువలననే నాకు నోట మాట రాలేదు.

ఆఱేండ్ల క్రిందట మేమీ యిల్లు కట్టుకొంటిమి. పైకప్పు వేయుటకు నా చేతిలో సొమ్ము చాలనప్పుడు అక్కయ్య కుట్టుపనిలో కూడబెట్టినదంతయు తెచ్చి యిచ్చినది. గృహప్రవేశమునాటి వేకువను బంధువులందఱును పాలు పొంగించుటకు బయలుదేఱిరి. అక్కయ్య అద్దెయింటిలో గిన్నెలు సర్దవలసియున్నదని నిలిచిపోయినది. రావద్దని ఆమెతో ఎవ్వరును అనలేదు. ప్రమాణపూర్వకముగా చెప్పుచున్నాను, మా యింటిలో నట్టి మాట అనువారు లేరు. రమ్మని నేనును అనలేదు. మామిడాకులు కట్టిన క్రొత్త గుమ్మము, తెఱచిన తలుపులు. మధ్యాహ్నము భోజనములైన పిదప ఆమె రిక్షాలో వచ్చి పెరటిదారిని లోనికి వచ్చినది. ఆ నెలలోనే నేను వీరేశలింగము పంతులుగారిని గూర్చి సభలో నుపన్యసించితిని. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున జరిగిన తొలి వితంతువివాహము తేదీ నా విద్యార్థులకందఱికిని కంఠస్థము. గిన్నెలు సర్దుట యంత యవసరమా యని నేనా దినమున ఒక్కక్షణమైన తలపలేదు. గడపవఱకు వచ్చి, ఏదో జ్ఞాపకము వచ్చినట్లు మఱలిపోయితిని గాబోలు.

ఇది విశేషోక్తి యని అప్పుడు తెలిసినది. కారణమంతయు నున్నది, కార్యము లేదు. అలంకారమని బాలురకు బోధించుచుంటిని.

చిత్రమున వారు వెలుపలికి వచ్చు విధము మిక్కిలి విచిత్రము. ఒక స్త్రీ చుట్టును చూచి, అందఱును దైవికముగా మొదటి రాత్రి కూర్చున్న చోటులనే యున్నారని కనిపెట్టును. ఆనాటి పాటను మఱల వాయింపుమనును. ఆనాడాడిన మాటలనే మఱల నాడుమనును. ఆనాడు పోవలసినప్పుడు పోకపోయిన ఆ క్షణము మఱల రాగా, ఈమారు లేచి నడతురు. అంతే, గడప దాటుదురు. తరువాత వారు కృతజ్ఞతగా దేవాలయమున ప్రార్థనకు పోగా, ప్రార్థన ముగిసినను అక్కడి జనులెవ్వరును వెలుపలికి రాలేరు. వీథిలో కాల్పులు, గొఱ్ఱెలమంద దేవాలయములోనికి పోవును.

మఱునాడుదయము పట్టికలో ‘సంహారదూత’ను మొదటికి ఎక్కించితిని. తక్కినవానిని దిద్దు నోపిక లేక అట్లే విడిచితిని.

భాద్రపదము గడచిన పిదప మా అమ్మాయి నిశ్చితార్థము కుదిరినది. తెల్లవాఱుజామున లేచి నేను వంటయింటికి పోతిని. అక్కయ్య అక్కడ గిన్నెలు సర్దుచునే యున్నది. “అక్కయ్యా, లే. ముందు గదిలో కూర్చో” అంటిని. నా గొంతుక నాకే యెరువు తెచ్చుకొన్నట్లుండెను. ఆమె పట్టుచీర కట్టుకొని వచ్చి కూర్చున్నది. కుంకుమభరిణె పట్టుకొని వరుసగా వచ్చుచున్న మా పిన్ని ఆమె యెదుట ఒక్క నిమిషము నిలిచి, ఏమియు అనక, ప్రక్కనున్నవారికి బొట్టు పెట్టెను. ఆ గడప అట్లే యున్నది. కాని తాంబూలములు పంచునప్పుడు వియ్యపురాలుగారు, మా యాచారములు తెలియకనో తెలిసియో, మొట్టమొదటి తాంబూలము అక్కయ్య చేతికే చాచినది. అక్కయ్య చేయి వెనుకకు తీసినది. ఆమె చాచియే యుండెను. కొంతసేపటికి అక్కయ్య పుచ్చుకొన్నది.

ఆ రాత్రి నా పట్టిక నడిగి తెప్పించుకొని చదివి, తప్పని పెదవి విఱిచినది. ఆమె లెక్కలో మొదటిది, నేనంతగా పట్టించుకొనని ‘నజారిన్’. క్రీస్తువలె బ్రదుకబోయి అందఱిచేతను తిరస్కృతుడైన మతగురువు కథ. చివర అతనిని భటుడు నడిపించుకొని పోవుచుండగా, దారిలో పండ్లమ్ముకొను స్త్రీ జాలిపడి అనాసపండు ఇవ్వబోవును. అతడు మొదట వలదని రెండడుగులు నడచి, వెనుకకు తిరిగివచ్చి పుచ్చుకొనును. కలాండాలో పండుగనాడు వాయించు డప్పులు మ్రోగును, చిత్రము ముగియును.

“పెట్టడం నీకు తెలుసు, చెప్పడం నీకు తెలుసు. పుచ్చుకోవడం ఎంత కష్టమో నీకేం తెలుస్తుందిరా? అది తీసినవాడికి తెలుసు” అని ఆమె వాదము. గదిలోనుండి వచ్చుటయే కష్టమని నా వాదము. ఇది తెగలేదు. పట్టిక ఇప్పుడామె కుట్టుమిషను సొరుగులో నున్నది. పెన్సిలుతో ఏవో దిద్దుబాట్లు చేసినట్లున్నది గాని నాకు చూపలేదు.